చంద్రం ఎవుడు?

2002 ఏప్రిల్ 14, ఆదివారం. శ్యాంసుందర్, అతని భార్య రూప ఆ మధ్యాహ్నం పచ్చి జీడిపప్పు వేసిన వంకాయ కూరతో అన్నం తిని, టెక్కలి వెళ్ళి ఒక క్యాసెట్ కొన్నారు. అందులోవి సినిమా పాటలు కావు. ఒకావిడ తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని పాడినవి. "హీరో లేకుండా కూడా పాట నిలబడుతుందన్నమాట," అంది రూప తిరుగు బస్సులో.

రూప పోయి ఆరేళ్ళయింది. ఆ పాటలు మాత్రం కాశీబుగ్గలోని జీడిపప్పు షెడ్డులో ఇంకా మోగుతున్నాయి. అక్కడ సూపర్‌వైజరు శ్యాంసుందరే కాబట్టి స్పీకరూ అతని చేతిలోనే ఉంటుంది. టీ తర్వాత, పప్పు మీద పొట్టు ఒలిచే ఆడవాళ్ళకి కునుకు పట్టే వేళ, పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్న ఆ పాత పాటల్లో ఒకటి పెడతాడు. దాని వెనకే ఫోన్‌లో వెతికి పట్టుకున్న కొత్త పాట ఒకటి. అదీ సొంతంగా రాసుకుని పాడుకునే కుర్రకారుదే. అనంతపురం అమ్మాయి ఒకతె ఇక్కడ నెగ్గింది. హైదరాబాదు కుర్రాడికి మాత్రం "గొంతు పూడిపోనాది, మిరియాల పాలు తాగమను" అని ఆ ఆడవాళ్ళలో ఒకతె, అప్పలమ్మ, తీర్పు చెప్పింది.

గురువారం వంతు భార్గవిది. పొట్టు ఒలిచేవాళ్ళలో ముసలమ్మ అనే ఆవిడ కూతురు. వజ్రపుకొత్తూరు దగ్గర వేటకెళ్ళేవాళ్ళ ఊరు వాళ్ళది. టెక్కలిలో డిగ్రీ చదువుతూ పాటలు కడుతోంది. ఆదివారం విశాఖలో కొత్త గాయకుల కచేరీకి ఆమెను పిలిచారు. "ముందు మీ కోర్టులో పెట్టండి మావయ్యా," అని రికార్డింగు పంపి, తనూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

గిటారు బాగుంది. గొంతు ఇంకా బాగుంది.

"చరుగుడు తోపు చాటున చూడు
చంద్రం నన్ను రమ్మంటుంటే..."

పొట్టు తీసే చేతులు ఆగిపోయాయి.

"చంద్రం ఎవుడే?" అంది అప్పలమ్మ, చ మీద గట్టిగా వత్తి.

ముసలమ్మ లేచి నిలబడింది. "అదే నానూ అడుగుతన్నాను. ఎవుడే ఆడు? తోపులో నీకేటి పని?"

భార్గవి మొహం కందిపోయింది. "మనిషి కాదమ్మా. సంద్రం. మన సంద్రం."

"మరి దానికి పేరు మార్సినావేటి?"

షెడ్డంతా నవ్వు.

సూడు, సెప్పు అన్నందుకు కాలేజీలో ఏడిపించారని, రికార్డింగుకి ముందు ఆ పిల్ల రోజూ చ పలకడం సాధన చేసింది. అలవాటు పడిన నాలుక చాటునీ చూడునీ దిద్ది ఊరుకోలేదు. సరుగుడునీ సంద్రాన్నీ కూడా దిద్దేసింది. అది ఆమె చెవికి అందలేదు.

"నానెల్లను మావయ్యా. ఇక్కడే ఇలాగుంటే, అక్కడ..."

శ్యాంసుందర్ స్పీకరు తీగ పీకేశాడు. "ఈళ్ళు నవ్వింది పాటని కాదమ్మా, ఆ చంద్రంగాణ్ణి. ఆణ్ణి పంపించీసి, ఇంట్లో ఎలా కట్టావో అలా పాడు."

"అలా పాడితే పల్లెటూరిదంతారు."

"ఇశాపట్నంలోనూ సంద్రం ఉంది గదే," అంది ముసలమ్మ. "అక్కడేటి ఇంగిలీసులో ఘోషిత్తాదా?"

భార్గవికి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తిగా పోకముందే అందుకుంది.

"సరుగుడు తోపు సాటున సూడు
సంద్రం నన్ను రమ్మంటుంటే..."

శ్యాంసుందర్ తల ఎత్తాడు. ఆ స లన్నీ వరసగా వచ్చేసరికి, అల ఇసుక మీంచి వెనక్కి జారిపోయే చప్పుడు వినిపించింది. దిద్దిన పాటలో పోయింది ఆ చప్పుడే. రెండోసారి పాడేటప్పుడు అప్పలమ్మ పప్పు పళ్ళెం అంచు మీద వేళ్ళతో దరువు వేసింది. మూడోసారికి షెడ్డంతా పాడింది. అతను దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుని, పెన్‌డ్రైవులో రూపకి ఇష్టమైన పాట పక్కన చేర్చాడు.

"ఆదివారం మాటేమిటి?"

"పొద్దుటి బస్సెక్కేత్తాను మావయ్యా."

"నానూ వత్తాను," అంది ముసలమ్మ. "ఆ చంద్రం నిజంగా అక్కడుంటే సూడాల గదా."

చీకటి పడేసరికి మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. ముసలమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. భార్గవి మెట్టు మీద కూర్చుని, ఇంకెవరి కోసమూ కాకుండా, పాట మొదటినుంచి అందుకుంది. షెడ్డు తలుపు మూస్తే కీచుమంటుంది. శ్యాంసుందర్ దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరకి వేశాడు.