పై అంతస్తు గొంతు

తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా సాగుతోంది. చేతిలో టీ చల్లారిపోతున్నా అతను దాన్నే చూస్తున్నాడు. ఆ పెద్దాసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, అతని పని అదే. పైన ఎవరు రోగి పేరు నొక్కినా, వాళ్ళ ప్రోగ్రాము సర్వర్ దగ్గరున్న కొద్దిపాటి కనెక్షన్లలో ఒకటి తీసుకుని, రోగుల వివరాలుండే డేటాబేస్ దాకా వెళ్ళాలి, జవాబు తెచ్చాక దాన్ని తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే వెనకవాళ్ళంతా నిలబడిపోతారు. చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసే ప్రోగ్రాముల్ని సాగనంపడంలోనే అతని జుట్టు నెరిసింది. అందరూ ‘కనెక్షన్లాయన’ అంటారు. ఒక్క సంబంధమూ కుదరని మనిషికి ఆ పేరేమిటని చాటున నవ్వుకుంటారనీ అతనికి తెలుసు.

వాడుకలో ఉన్న కనెక్షన్ల లెక్క చూపే ఆ గీత నిట్టనిలువుగా లేచింది. వెంటనే ఫోను మోగింది.

“తమ్ముడూ, కంప్యూటరు మళ్ళీ తెల్లమొహం వేసింది,” అంది పై అంతస్తు విచారణ కౌంటరావిడ. “ఆపరేషన్ గది నుంచి కబురు మీద కబురు. రక్తం రిపోర్టు తెరుచుకోవడం లేదట.”

“లైన్లోనే ఉండక్కా.”

ఎప్పుడో ఒక మీటింగులో, కూర్చుని ఉండగా, ఆమెను దూరం నుంచి చూశాడంతే. కానీ ఆమెకు జలుబు చేసిందో, కూతురితో మాటామాటా పెరిగిందో గొంతు విని చెప్పగలడు. అమ్మ పోయినప్పుడు “ఏమైనా తిన్నావా?” అని అడిగింది ఈ గొంతొక్కటే.

సర్వర్ ఆపేసి మళ్ళీ మొదలుపెడితే చిటికెలో పని. కానీ వార్డుల్లో నర్సులు కంప్యూటర్లో సగం ఎక్కించిన మందుల వివరాలన్నీ గాలికి పోతాయి. ఒక్కొక్క కనెక్షనే వెతికాడు. నివేదికలు తీసే ప్రోగ్రామొకటి పని మధ్యలో చతికిలబడి, దొరికినవన్నీ గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. దాని పట్టు విడిపించాడు. గీత దిగింది.

“తెరుచుకుంది! రిపోర్టు వెళ్ళింది. నీ కడుపు చల్లగుండ!” అంది ఆవిడ. “పనయ్యాక ఓసారి పైకి రాకూడదూ?” అంది మళ్ళీ.

“చూస్తానక్కా. ఇది మళ్ళీ మొరాయిస్తుందేమో.”

“ఎప్పుడూ ఇదే మాట,” అని నవ్వింది. ఫోను మాత్రం పెట్టలేదు. అతనే పెట్టేశాడు.

అది మళ్ళీ మొరాయించలేదు. అయినా కుర్చీ వదల్లేదు. పైకెళ్ళి ఏం మాట్లాడాలి? ఫోన్లో అయితే తెర చూస్తూ మాట్లాడొచ్చు. మనిషి ఎదురుగా ఉంటే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా అతనికి తెలీదు. సాయంత్రం సంచీ భుజాన తగిలించుకున్నాక, ఎందుకో కాళ్ళు మెట్లవైపు తిరిగాయి.

పైన విచారణ కౌంటరు దగ్గర గార్డు దీపాలు ఆర్పుతున్నాడు. అతను ఆవిడ గురించి అడిగాడు.

“అక్కగారా? మధ్యాహ్నమే వెళ్ళిపోయారండీ. ఇవాళే ఆఖరు రోజు. వేరే ఊళ్ళో కూతురి దగ్గరే ఉంటారట ఇక. అందరికీ పేరుపేరునా చెప్పి మరీ వెళ్ళారు. మీకు చెప్పలేదా?”

“చెప్పారు,” అన్నాడతను. “పొద్దున్నే చెప్పారు.”

గార్డు అవతలి గదిలోకి వెళ్ళాక కౌంటరు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. అంత నిండైన గొంతున్న ఆవిడ ఇంత పొట్టి మనిషని ఎన్నడూ అనుకోలేదు. కుర్చీ కింద, నేలకందని కాళ్ళు ఆనించుకునేందుకు, పాత దుప్పటి ముక్క చుట్టిన చెక్కపీట ఉంది. రెండు పాదాల మేర నూలు అరిగిపోయి, నున్నటి చెక్క బయటపడింది.