నడుముకి కాదు, మనసుకి

వడ్రంగి షెడ్డులో అందర్నీ నవ్వించే చెక్కుడు పనివాడు మూడు నెలలు పనికి రాలేదు. తిండి సయించక, నిద్ర పట్టక, ఉలి పట్టినా చెయ్యి కదలక మంచం పట్టాడు. చివరికి అక్కే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. అడిగినవాళ్ళకి మాత్రం "మా తమ్ముడికి నడుం పట్టేసింది" అని చెప్పింది.

కోలుకుని షెడ్డుకి వచ్చిన రోజే ఆ అబద్ధం అతని ప్రాణం మీదికొచ్చింది. మేస్త్రి చిన్న చెక్కను కూడా ఎత్తనివ్వలేదు. పాలిష్ పనివాడు వద్దంటున్నా చొక్కా ఎత్తి ఘాటు తైలం రుద్దాడు. మర్నాడు ఇద్దరూ కలిసి వీపు ఆనేలా ఒక కుర్చీ చేసిపెట్టారు. అందులో కూర్చోగానే అతనికి తల కొట్టేసినట్టయింది.

"నా నడుం గుండ్రాయిలా ఉంది. జబ్బు చేసింది మనసుకి. డిప్రెషన్ అంటారు. మందులు వాడుతున్నాను, చాలావరకు తగ్గింది."

పాలిష్ పనివాడు తైలం సీసా వంక చూసుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా. సగం సీసా నీ వీపే తాగేసింది."

ముగ్గురూ నవ్వారు. కానీ భోజనాలయ్యాక చూస్తే, అతను లతలు చెక్కాల్సిన జంట తలుపులు ఉన్నాయి గానీ బల్ల మీద ఉలులు లేవు. మేస్త్రి వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఎందుకైనా మంచిదని..." మేస్త్రి నీళ్ళు నమిలాడు.

"మరి తలుపు మీద లతలు గోళ్ళతో గీకమంటారా?"

మేస్త్రి నవ్వలేదు. "నువ్వేమైనా చేసుకుంటావేమోనని భయమేసిందిరా. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకేం తెలుసు?"

"డాక్టరు చెప్పేదాకా నాకూ తెలీదు. పని చేసుకోమన్నారు. నేనెప్పుడైనా నోరు మూసుకుని మూల కూర్చుంటే, వచ్చి ఎలా ఉందని అడగండి. చాలు."

"నువ్వు నోరు మూసుకుంటే మాకు పండగే కదా," అన్నాడు పాలిష్ పనివాడు.

మేస్త్రి తాళం తీశాడు.

షెడ్డులో నిజం చెప్పేశాడని తెలిసి అక్క నెత్తి కొట్టుకుంది. "ఇక నీకు పిల్లనెవరిస్తారురా?"

"నడుం పడిపోయినవాడికి మాత్రం ఎవరిస్తారక్కా?"

తిట్టబోయిన అక్కకి నవ్వొచ్చేసింది.

ఆ వారమంతా అతను మొదటి తలుపు చెక్కాడు. పని చూడటానికి వచ్చిన మేస్త్రి లతల మధ్య వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఈ పిట్ట గీసిచ్చిన బొమ్మలో లేదే?"

"లేదండీ. ఉంటే బాగుంటుందనిపించింది."

మేస్త్రి పిట్ట మీది చెక్కపొడి ఊదాడు. "రెండో తలుపు మీద కూడా ఒకటి పెట్టు. ఒంటరిగా ఏం బాగుంటుంది," అన్నాడు.