ఎవరి మ్యాపు వాళ్ళది

గునపం కరెంటు కేబులుకు తగిలి కాలిన చేతులు ముందుకు చాపి వెంకటసుబ్బయ్య గోతి గట్టున కూర్చున్నాడు. అంబులెన్సు ఇంకా రాలేదు. కాంట్రాక్టరు విశ్వేశ్వరరావు వచ్చాడు. కాలినవాడి వంక చూడలేదు. అప్పయ్య నెత్తిమీది తెల్ల హెల్మెట్ లాగేశాడు.

"తప్పు గీత గీసింది నువ్వు. రేపే విమానమెక్కు."

కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలారా, మీ ఇంటర్నెట్టు తీగల కోసం ఊరుగాని దేశంలో, బెడోక్ అనేచోట కాలవ తవ్వుతున్న రోజులవి. అప్పయ్య మాతో వచ్చినవాడే. మ్యాపు చూడటం వచ్చని తెల్ల హెల్మెట్ పెట్టి పెద్దను చేశారు. వాడు సుద్దతో గీత గీసి గొడుగు కింద నిలబడేవాడు, మేం ఎండలో తవ్వేవాళ్ళం. అందరికీ కడుపుమంట. తిండి దగ్గర వాడి పక్కన ఎవరం కూర్చోలేదు. విశ్వేశ్వరరావుకు ఆ మంటే కావాలి.

హెల్మెట్ పైకెత్తాడు. "ఎవడికి కావాలిరా? మీరు ఏడ్చేది దీనికేగా!"

నాకని నా చెయ్యి లేవబోయింది.

మాతో తవ్వే వీరభద్రరావు అడ్డొచ్చాడు. "ఉండండెహె. అప్పయ్యా, ఎలా గీశావురా?"

"కరెంటోళ్ల మ్యాపులో కేబులు రోడ్డంచుకి ఇంత దూరమని ఉంది. కొలిచే గీశాను. తర్వాత రోడ్డు వెడల్పు చేసి అంచు జరిపారంట. రోడ్డోళ్లు కరెంటోళ్లకి చెప్పలేదు."

"సర్కారు ఒకటే కదరా!"

"పైవాళ్లు మ్యాపులన్నీ కలపమన్నారు. కింద ఎవడిది వాడు బీరువాలో దాచుకున్నాడు. కలిపేదాకా ఆగుదామంటే ఈయన వినలేదు."

"ఓహో, మనలాగే. ఒకడంటే ఒకడికి పడదు" అన్నాడు వీరభద్రరావు.



అంబులెన్సు వచ్చి వెంకటసుబ్బయ్యను తీసుకెళ్ళింది. విశ్వేశ్వరరావు హెల్మెట్ నా గుండెకు ఆనించాడు. "నువ్వు పెట్టుకో. గీత గియ్యి. తవ్వించు."

ఎన్నాళ్ళుగానో ఆశపడ్డది. తీసుకోలేదు.

"కింద ఏముందో నీకు తెలుసా?" అన్నాను.

"తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత? తవ్వరా!"

అప్పయ్య పక్కన కూర్చున్నాను. అందరూ కూర్చున్నారు. అన్ని ఆఫీసుల మ్యాపులూ ఒక్కచోట పెట్టి చూపించేదాకా గునపం దిగదని, అప్పయ్య విమానమెక్కడని చెప్పాం.

"మీ పని పర్మిట్లూ పోతాయిరా" అన్నాడు అప్పయ్య.

"పోతే అందరం కలిసే పోదాం. కిటికీ సీటు మాత్రం నీకివ్వను" అన్నాడు వీరభద్రరావు.

విశ్వేశ్వరరావు ఫోను చేశాడు. లారీ నిండా కొత్త కూలీలు దిగారు. తమిళులు, బంగ్లావాళ్ళు. గోతిలోకి తొంగిచూశారు. మాడిన మట్టి, వెంకటసుబ్బయ్య చెప్పు ఒకటి. మమ్మల్ని ఏమీ అడగలేదు. ముందున్నవాడు గునపం కిందపడేసి నా పక్కన చతికిలబడ్డాడు. జరిగి చోటిచ్చాం.

పోలీసు బండి వచ్చేసరికి కూర్చోడానికి గట్టు చాల్లేదు.