ఎడమ చెంప

తెనాలిలో ఎప్పుడో కూల్చేసిన ఆ సినిమా హాల్లో కోటిలింగం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పక్కన పానకాలు ఉన్నాడు, పానకాలు పోయి నాలుగు నెలలైందన్న సంగతి ఇద్దరికీ తెలుసు, కానీ బొమ్మ మొదలైంది కాబట్టి ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. తెర మీద పాత మూగ సినిమాల జంట, లావాటాయనా బక్కాయనా, ఒక ఇనప మంచాన్ని ఇరుకు గుమ్మంలోంచి బయటికి తేవడానికి తంటాలు పడుతున్నారు. ఈ బొమ్మలు చూసి మిత్రులిద్దరూ ఆట నేర్చుకున్నారు. ఇరవై రెండేళ్లు పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఆ జంటలాగే వేషం కట్టారు. బక్కపల్చటి పానకాలు కొట్టేవాడు, లావాటి కోటిలింగం పడేవాడు.

"ఎంత బాగా పడతాడో చూడరా, అచ్చం నీలాగే," అంటాడు పానకాలు.

"ఆయన్ని నిజంగా కొట్టరు," అంటాడు కోటిలింగం.

అనగానే బెంచీలు ఉండవు, హాలు పందిరైపోతుంది, ఇద్దరూ పరదా వెనక నిలబడి ఉంటారు, పానకాలు తువ్వాలుతో మొహానికున్న పౌడరు తుడుచుకుంటూ ఉంటాడు, ఎంత తుడిచినా తెలుపు పోదు.

"చెయ్యి గాల్లో ఆపాలి, చప్పుడు నేను చెయ్యాలి. అట్టాగే గదా నేర్చుకుంది? మరి చేబ్రోలు తిరునాళ్లలో నిజంగా ఎందుకు కొట్టావు?"

"ఆ రోజు చెయ్యి జారిందిరా. జనం పడీ పడీ నవ్వారు. అంతకు ముందు ఎన్నడూ అట్టా నవ్వలా."

"ఆ తర్వాత రోజూ జారిందా?"

పానకాలు తువ్వాలు మడత మార్చి మళ్లీ మొహం తుడుచుకుంటాడు.

"నా ఎడమ చెవి పోయింది."

"తెలుసు. ఎక్కడికెళ్లినా వచ్చి నా ఎడం పక్కనే కూర్చునేవాడివిగా, అప్పుడే తెలిసింది."

"తెలిసీ కొట్టావు."

"తెలిసే కొట్టా. నువ్వెందుకు చెప్పలా?"

చెబితే ఆట ఆగిపోయేదని, ఆ నవ్వు తనకీ కావలసి వచ్చిందని కోటిలింగం చెప్పలేకపోతాడు, ఈలోపల పరదా పక్కకు పోతుంది, తెర మీది ఇనప మంచం ఆసుపత్రి వార్డులో ఉంటుంది, దాని మీద పానకాలు ఇంకా చిక్కిపోయి పడుకుని ఉంటాడు.

"మా ఆవిడ చేత మూడుసార్లు ఫోను చేయించా. ఒక్కసారి రారా, ఆ బొమ్మలు కలిసి చూద్దాం అని. వినబడటంలా అని పెట్టేశావంట."

"వినబడింది. కుడి చెవికే పెట్టుకున్నా." కోటిలింగం మంచం దగ్గరికి జరుగుతాడు. "తప్పయిందని చెప్పడానికి పిలిచావా?"

"అబ్బే, అదేం లేదురా. కాసేపు నవ్వుకుందామని పిలిచా."

కోటిలింగం చెయ్యెత్తుతాడు, ఇన్నేళ్లలో ఎత్తని చెయ్యి, అది పానకాలు చెంపను తాకకముందే చుట్టూ కనబడని జనం గొల్లున నవ్వుతారు.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ మంచం మీదికి వచ్చి ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. కుడివైపుకు తిరిగి పడుకుని ఉన్నాడు, మంచి చెవి దిండులో కూరుకుపోయింది. తల ఎత్తగానే ముందు గదిలోంచి భార్య దమయంతి నవ్వు వినబడింది. టీవీలో పాత మూగ బొమ్మ వస్తోంది.

"రండి, మీ వాళ్లే!" అని పిలిచింది.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. బక్కాయన చెయ్యి ఊపాడు, లావాటాయన చెంప మీద దెబ్బ పడింది.

కోటిలింగానికి నవ్వొచ్చింది.