నాలో పట్టని నీలం చేప

నేను ఒక గాజు తొట్టిని. అద్దాల బీరువాలు చేసే కొట్టులో మిగిలిపోయిన మందపాటి పలకలను జిగురుతో అతికించి నన్ను నిలబెట్టారు. మొదట కాకినాడలో ఒక లాడ్జివాళ్లు కొని, కౌంటరు పక్కన పెట్టి, బంగారు రంగు చేపలు వదిలారు. గది దొరకనివాళ్లు నా మీద గోళ్లతో టకటకా కొట్టి కోపం తీర్చుకునేవారు. లాడ్జి మూతపడ్డాక ఒక మిఠాయి కొట్టుకు చేరి కాజాలకు కాపలా కాశాను. ఈగలు బయట, కాజాలు లోపల. అంత ప్రశాంతమైన ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు.

అక్కడి నుంచి వీరభద్రంగారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. ఓడరేవులో పెద్ద ఓడలను లాగే టగ్గు పడవ నడిపి రిటైరైన మనిషి ఆయన. భార్య సత్యవేణిగారు మోకాళ్ల నొప్పులతో బీచికి వెళ్లడం మానేస్తే, సముద్రాన్నే ఇంటికి తెస్తానని మాటిచ్చారట. నాలో ఉప్పు కలిపిన నీళ్లు నింపారు, చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్లు పేర్చారు, ఇక ఊరుకున్నారు. చేపల్లేవు. ఆ రాళ్లలో ముందు కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరగాలట. చేపల మురికిని హరించేవి అవేనట. అవి లేకుండా వదిలితే చేపకు దాని మురికే విషమవుతుందట. ఇంటికొచ్చిన చుట్టాలు నీళ్లు పెంచుతున్నారా అని ఎగతాళి చేసినా ఆయన వారాల తరబడి చలించలేదు. చివరికి రెండంటే రెండే చేపలు వచ్చాయి, నారింజ రంగు మీద తెల్ల చారలవి. సముద్రంలో వల వేసి పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. ఆ రోజు నుంచి సత్యవేణిగారు కాఫీ గ్లాసుతో వచ్చి కుర్చీ నా ముందుకు లాక్కునేవారు.

అప్పుడే వాళ్లమ్మాయి కుందన పెళ్లయింది. వియ్యంకుడు సూరిబాబుగారిది ఆకివీడు. రొయ్యల చెరువుల రైతు, చెయ్యి పెద్దది. తొలిసారి వచ్చినప్పుడు పూతరేకుల బుట్టలతోపాటు ప్లాస్టిక్ సంచుల నిండా రంగురంగుల సముద్రపు చేపలు దించారు. ఒకేసారి ఇన్ని వేయకూడదేమోనని వీరభద్రంగారు నసిగారు. తాను చెరువులో లక్షల రొయ్యపిల్ల వేస్తుంటానని, నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు ఒకటి తిప్పితే ఏమీ కాదని సూరిబాబుగారు భరోసా ఇచ్చారు. వియ్యంకుడు ప్రేమగా తెచ్చినదాన్ని వద్దంటే అక్కడ అమ్మాయిని ఏమంటారోనని వీరభద్రంగారి భయం. సంచులన్నీ నాలో ఖాళీ అయ్యాయి.

వారం తిరక్కుండానే నీళ్లు తెల్లగా కలకబారాయి. కొత్తవీ పోయాయి, పాతవీ పోయాయి. ఆఖరి చేపను చిన్న వలతో తీస్తూ సత్యవేణిగారు ఏడ్చారు. ఈగలకూ కాజాలకూ అలవాటు పడ్డ నాకు కూడా ఆ పూట బాధగా అనిపించింది. ఆకివీడు నుంచి ఫోనొస్తే మాత్రం వీరభద్రంగారు చేపలు చక్కగా ఉన్నాయనే చెప్పారు. మనుషులు దీన్ని మర్యాద అంటారు.

మళ్లీ మొదలుపెట్టడానికి సత్యవేణిగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక పెత్తనమంతా ఆవిడదే. గాజు గొట్టంలోకి నా నీళ్లు తీసి, మందు చుక్కలు వేసి, నీళ్లు చేపలకు సిద్ధమయ్యాయో లేదో రంగునుబట్టి చూసి, ఇంకా కాదని తల అడ్డంగా ఊపేవారు. మళ్లీ ఖాళీ నీళ్లు, మళ్లీ రెండు చేపలు. అవి కుదురుకున్నాకనే మరొకటి, అదీ ఎంత పెరుగుతుందో, ఏం తింటుందో, దేనితో కొట్లాడుతుందో కొట్టువాణ్ణి విసిగించి తెలుసుకున్నాకనే. నాలో చోటు బోలెడంత మిగిలినట్టే కనిపించేది. ఆవిడ ఇక చాలన్నారు.

ఏడాది తిరిగాక సూరిబాబుగారు మళ్లీ వచ్చారు. ఈసారి ఒకే సంచి, అందులో ఒకే చేప. నిండు నీలం, తోక పసుపు, బొటనవేలంత ఉంది. ముద్దొస్తోంది. పెరిగితే జానెడు దాటుతుందని, పొద్దంతా ఈదులాడే జాతి అని, నా పొడవు దానికి ఏ మూలకూ చాలదని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. వీరభద్రంగారు గొంతు సవరించుకున్నారు, కూతురు గుర్తొచ్చి ఆగిపోయారు. సూరిబాబుగారు అప్పటికే సంచికి కట్టిన రబ్బరు బ్యాండు విప్పుతున్నారు.

"ఉండండి అన్నయ్యగారూ," అన్నారు సత్యవేణిగారు. "మా పిల్లనిచ్చేటప్పుడు మీ ఇల్లు చూసుకునే ఇచ్చాం కదండీ. దీనికి మా ఇల్లు ఇరుకండి. అప్పుడు మీరు తెచ్చినవన్నీ కూడా పోయాయండి. నొచ్చుకుంటారని బాగున్నాయని చెప్పేశాం."

ఇరుకన్నది నన్నే. నిజమే కనుక నాకు కోపం రాలేదు. వీరభద్రంగారి మొహం మాత్రం పాలిపోయింది. సూరిబాబుగారు రబ్బరు బ్యాండు మళ్లీ బిగించి, వంగి నా లోపలికి చూశారు. తను తెచ్చినవాటిలో ఒక్కటీ లేదని ఆయన అప్పుడే గమనించారు.

"మీ అమ్మాయి కూడా ఎప్పుడడిగినా బాగున్నాననే అంటదమ్మా," అన్నారు. "మేవూ అదే నమ్మేసి ఊరుకున్నాం. ఈసారి ఎళ్లి సరిగ్గా అడుగుతాను చెల్లెమ్మా."

చేపను కొన్న కొట్టులోనే ఇచ్చేస్తానని సంచి పట్టుకుని లేచారు. భోజనం చేసి వెళ్లమని అడగడం ఇద్దరూ మరిచిపోయారు. కారు వెళ్లిపోయాక సత్యవేణిగారు నా ముందు కుర్చీలో కూర్చున్నారు గానీ నావైపు చూడలేదు. కూతురికి ఫోన్ చేయబోయి ఆగారు. బాగున్నావా అని కాకుండా మాట ఎలా మొదలుపెట్టాలో ఆవిడకు తోచలేదు.