మొండోడి నెత్తిన పువ్వు

నాకు ముక్కు మీద కోపమని ఇంటా బయటా అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. రోజంతా ల్యాబులో జనానికి సూదులు గుచ్చి రక్తం తీసేదాన్ని, నాకు కోపం కాక సిగ్గు వస్తుందా? మా ఆయనది పుస్తకాలకు బైండింగు వేసే పని. నోట్లో నాలుక లేని మనిషి. అతికించిన పుస్తకం ఆరేదాకా కదలకుండా కూర్చునే అలవాటు వల్లనో ఏమో, ఎవరు ఏమన్నా అలాగే కూర్చుని వింటారు.

మేం ఉండేది నాలుగంతస్తుల బిల్డింగులో, అన్నిటికన్నా పైన. డాబా మీద ఒక మూలంతా నా మొక్కలే. కొన్ని ముళ్ళవి, కొన్ని నీళ్ళు కడుపులో దాచుకునే దళసరి ఆకులవి. గులాబీలు పెంచడం చేతకాక కాదు. గులాబీకి ఒక పూట నీళ్ళు తప్పితే మొహం వేలాడేస్తుంది. నాకు డబుల్ డ్యూటీలు పడి వారం రోజులు పైకి వెళ్ళకపోయినా నా మొక్కలు అలగవు. వాటిలో పెద్దది బంతిలా గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉండే కాక్టస్. మా పెళ్ళయిన కొత్తలో నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు బిందెంత అయింది. ఇన్నేళ్ళలో ఒక్క పువ్వు పుయ్యలేదు. అందుకే మొండోడు అని పేరు పెట్టాను. పుయ్యనందుకు వాడికీ సిగ్గు లేదు, నాకూ లేదు.

సిగ్గంతా ప్రెసిడెంటు గారిది. మా బిల్డింగు సంఘానికి ప్రెసిడెంటు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. డాబా మీద పచ్చిక పరిచి, కుర్చీలు వేసి, సాయంత్రాలు అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకునేలా చేయాలని ఆయన కోరిక. అందరూ అంటే ఆయనా, ఆయన కబుర్లు వినేవాళ్ళూ. మీటింగులో లేచి, "ముళ్ళ మొక్కలు ఇంటి మీదుంటే గొడవలొస్తాయమ్మా" అన్నారు.

"మీరు మీటింగులు పెట్టకపోతే ఏ గొడవలూ రావండీ" అన్నాను.

అందరూ ఘొల్లుమన్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది. "సరే. వచ్చే శుక్రవారం ఊళ్ళో ఫ్లవర్ షో ఉంది కదా. మీ మొక్కకి అక్కడ ఫస్టు ప్రైజు వస్తే ఆ మూల మీదే. రాకపోతే ఆదివారానికి ఖాళీ చేసెయ్యాలి. ఏమంటారు?" అన్నారు.

నా నోరు ఊరుకుంటేగా! "అలాగే కానివ్వండి" అన్నాను.

ఇంట్లోకి వచ్చాక మా ఆయన, "ఎందుకు ఒప్పుకున్నావు? మొండోడు పుయ్యడు కదా" అన్నారు.

"అక్కడ ముళ్ళ మొక్కలకి వేరే బల్ల ఉందండీ. పూస్తేనే మొక్కా?"

ఆయన జిగురు గిన్నె ముందేసుకుని మళ్ళీ పనిలో పడ్డారు. ఎప్పుడూ అంతే కనక నేనూ పట్టించుకోలేదు.

షో రోజు నాకు పొద్దున డ్యూటీ పడింది. మొండోణ్ణి గోనెపట్టాలో చుట్టి ఆటోలో హాలుకి తీసుకెళ్ళే పని మా ఆయన నెత్తిన పడింది. డ్యూటీ దిగీ దిగగానే, తెల్లకోటు కూడా విప్పకుండా నేనూ పరుగెత్తాను.

హాల్లో ముందు వరుసంతా గులాబీలు, డేలియాలు, చామంతులు. వాటి మీద మంచులా నీళ్ళు చల్లడానికి ప్రత్యేకంగా ఒక మనిషి. ముళ్ళ మొక్కల బల్ల ఎక్కడుందంటే బాత్రూములకి దారి చూపించే బాణం గుర్తు కింద. అయినా ఆ బల్లని చూస్తే నాకు కడుపు నిండిపోయింది. తెల్లటి నూగుతో ముసలాళ్ళ తలకాయల్లాంటివి, గులకరాళ్ళలో కలిసిపోయి కనబడనివి, ఆకుల అంచులకి ఎర్రరంగు పూసుకున్నట్టుండేవి, కుండీ అంచు దాటి కిందికి జారిపోతున్నవి. ఒకావిడ బాత్రూముకి పోతూ పోతూ, "అబ్బ, ఇవన్నీ ఎవరు పెంచుకుంటారమ్మా!" అని ముక్కు చిట్లించింది.

"నేనే" అన్నాను. ఆవిడ అడుగు వేగం పెంచింది.

అప్పుడు కనబడ్డాడు మొండోడు. నెత్తిన పువ్వుతో.

కెంపు రంగు పువ్వు. నా కాళ్ళు నేల మీద ఆగలేదు. "పూశాడు! మావాడు పూశాడు!" అని హాలు దద్దరిల్లేలా అరిచాను. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పుయ్యకపోయినా ఫర్వాలేదని ఇన్నాళ్ళూ డాంబికాలు పోయానే కానీ, లోపల ఎంత ఆశ ఉందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

దగ్గరికెళ్ళి వంగాను. రేకులు ఎండి కాగితాల్లా ఉన్నాయి. పువ్వు అడుగున గాజులా మెరుస్తూ సన్నటి చుట్టు. ఆ జిగురు నాకు తెలియకపోవడమేమిటి? మా ఇంట్లో అన్నం తినే బల్లకీ, ఆయన చొక్కా చేతులకీ, ఒక్కోసారి నా జడకీ అంటుకునేది అదే.

తల తిప్పి చూశాను. మా ఆయన పైకప్పుకున్న ఫ్యాన్లని పరీక్షగా చూస్తున్నారు.

"ఏమిటండీ ఇది?"

"ఎండు పువ్వు" అన్నారు గొంతు తగ్గించి. "నర్సరీల్లో ఇలా అంటించే అమ్ముతారట. డాబా పోతే నువ్వేమైపోతావోనని..."

ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ నొప్పేసింది. ఆయన జిగురు పోసింది సరిగ్గా నడినెత్తి పక్కన, కొత్త ముళ్ళు పుట్టే మెత్తటి చోట. చంటిపిల్లల మాడు లాంటి చోటది. మంచి మనసుతో ఎంత పని చేశారీ మనిషి!

ఇంకో మాట అనేలోపే జడ్జి గారు వచ్చేశారు. పెద్ద కళ్ళజోడావిడ. పొద్దుటినుంచీ గులాబీల దగ్గర నిలబడి అలిసిపోయినట్టున్నారు. "ఈ బల్ల మీద పూసింది ఇదొక్కటే. ఎంత ముచ్చటగా ఉందో!" అని కుండీకి ఫస్టు ప్రైజు నీలం రిబ్బను కట్టేశారు. చప్పట్లు మోగాయి. మా బిల్డింగు వాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. ప్రెసిడెంటు గారు పెద్దమనిషి తరహాగా చెయ్యెత్తి, "మాటంటే మాటే! ఆ మూల మీదే!" అని ప్రకటించారు.

గెలిచేశాను. ఇక చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే. మా ఆయన నా మణికట్టు పట్టుకుని, "ఈ ఒక్కసారికి" అన్నారు.

నిజం చెప్పాలంటే ఊగిసలాడాను. డాబా మీద ఆ మూల లేని సాయంత్రం నేను ఊహించుకోలేను. కానీ పువ్వు వంక చూసేకొద్దీ మంట నెత్తికెక్కింది. ఎవరి మెప్పు కోసమూ పుయ్యనివాడికి బలవంతంగా తురిమిన పువ్వు. రేపటినుంచీ నేను పైకి వెళ్ళినప్పుడల్లా, నీకీ చోటిచ్చింది నేనే అని ఆ ఎండుపువ్వు నా మొహం మీదే అంటుంది.

"జడ్జి గారూ, ఒక్క నిమిషం" అన్నాను. "మొక్క నాదే. పువ్వు మాత్రం దానిది కాదు."

ముళ్ళ మధ్యకి వేళ్ళు పోనిచ్చి పువ్వు పట్టుకుని లాగాను. పుటుక్కున ఊడింది. దాంతోపాటు మెత్తటి నూగూ కాస్త తోలూ లేచొచ్చాయి. కిందనించి నీళ్ళలాంటిది ఊరింది. నా వేళ్ళూ చీరుకుపోయాయి, అది లెక్క కాదు.

ఎవరో కిసుక్కుమన్నారు. "అంటే మా చెవిలో పువ్వు పెట్టారన్నమాట" అంటూ జడ్జి గారు రిబ్బను విప్పేశారు. వెనకనించి ఎవరో, "ఇంత మోసమా!" అన్నారు. ఎవరు అంటించారో నేను చెప్పలేదు. అననీ అనుకున్నాను.

అప్పుడు మా ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. "అంటించింది నేనండీ. మా ఆవిడకి తెలీదు" అన్నారు. అంతమందిలో ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి.

ప్రెసిడెంటు గారి మొహం మళ్ళీ వికసించింది. "అయితే ఆదివారానికి ఖాళీ చేస్తున్నారు కదమ్మా?"

"చెయ్యను."

"ఒప్పుకున్నారుగా! మాట తప్పుతారా?"

"తప్పుతాను. అలాంటి పందానికి ఒప్పుకోవడమే నా బుద్ధితక్కువ. డాబా మీదున్న మీ విరిగిన పడక్కుర్చీ ఏ పోటీలో గెలిచిందండీ? కింద ఫ్లాటు వాళ్ళ తుప్పు పట్టిన కూలరుకి ఏ ప్రైజొచ్చింది? మెడల్ తెచ్చుకుంటేనే చోటన్న రూలు నా మొక్కలకేనా?"

"మధ్యలో మా కూలరేం చేసిందమ్మా!" అంది కింద ఫ్లాటు పిన్నిగారు. అందరూ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు.

ప్రెసిడెంటు గారు ఊరుకునే రకం కాదు. ఆదివారం పొద్దున్నే ఇద్దరు కూలీలని వెంటబెట్టుకుని పైకొచ్చారు. నేను చేతులు కట్టుకుని పక్కకి జరిగాను. "తీసుకెళ్ళండి. నేను అడ్డురాను" అన్నాను. కూలీలు కుండీల చుట్టూ తిరిగారు, తమ చేతులు చూసుకున్నారు. "ఇవెక్కడ పట్టుకోవాలి సార్?" అన్నాడు ఒకతను. ప్రెసిడెంటు గారు దారి చూపిద్దామని తనే బ్రహ్మజెముడు మీద చెయ్యేసి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నారు.

అరచెయ్యి ఊదుకుంటూ, మొండోడి కుండీలో మట్టి సర్దుతున్న మా ఆయన వైపు తిరిగారు. "మీరు నెమ్మదైన మనిషి. మీరైనా చెప్పండి ఆవిడకి."

ఎప్పుడూ ఇంతే. నాతో వేగలేనివాళ్ళంతా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, ఇంటికొచ్చి, ఈసారికి సర్దుకుపోవే అనేవారు. కూలీలకి నేను భయపడలేదు. ఆ ఒక్క మాటకి భయపడ్డాను.

మా ఆయన లేచి, చేతుల మట్టి దులుపుకున్నారు. మొండోడి నెత్తిన పువ్వు ఊడిన చోట మచ్చ నల్లగా ఎండిపోయి ఉంది. వాడిక పెరుగుతాడో లేదో ఇద్దరికీ తెలియదు. ఆయన ఆ మచ్చనే చూస్తూ అన్నారు:

"మీకు భయపడే నేను దాని నెత్తి పాడుచేశానండీ. ఇక చాలు. తియ్యం."

ప్రెసిడెంటు గారు కూలీలని పిలుచుకుని దిగిపోయారు. మళ్ళీ వస్తారు, నాకు తెలుసు. మా ఆయన గోనెపట్టా తెచ్చి మొండోడికి చుట్టడం మొదలుపెట్టారు.

"ఎక్కడికండీ?" అన్నాను కంగారుగా.

"ఈ మూల ఎందుకు? డాబా నడిమధ్యకి" అన్నారు. "ఆ పక్క నువ్వు పట్టుకో."