రెండు ఊళ్ళ బండి, రెండు తాళాలు

పదకొండో మీటింగు నాటికి బండి రంగు తేలింది. తలుపుల మీద పేర్లు తేలాయి. సైరన్ ఎలా అరవాలో కూడా తేలింది. ఇక మిగిలింది సామాన్ల అరలు. నెవిన్ వర్ట్‌కి మాత్రం అప్పటికే నడుం నుంచి మెడ దాకా ఒకటే సలుపు. ఫైర్ స్టేషన్ వంటగదిలో ఆ ఇనుప మడతకుర్చీలు కూర్చోవడానికి చేసినవి కావు, మనుషుల్ని త్వరగా ఇంటికి పంపించడానికి చేసినవి. అయినా ఎవరూ త్వరగా వెళ్ళేవాళ్ళు కాదు.

నెవిన్ స్టోనీ హాలో ఫైర్ కంపెనీకి, అంటే ఊరివాళ్ళే స్వచ్ఛందంగా మంటలార్పే దళానికి, చీఫ్. చీఫంటే జీతం లేదు, గొప్పా లేదు. నడుముకి పెట్టుకున్న పేజర్ కూసిందంటే కంచం ముందు నుంచైనా లేచి పరుగెత్తాలి, అంతే. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాడు, ఇప్పుడు అరవై ఆరు. కొత్త బండి సంగతి తేల్చేసి పేజర్ బల్ల మీద పెట్టేస్తానని భార్య ఆర్లీన్‌కి మాటిచ్చాడు. ఇచ్చి మూడేళ్ళయింది. ఆ మాటే అతన్ని మీటింగు తర్వాత మీటింగుకి లాక్కొస్తోంది.

కొండకి ఇవతల స్టోనీ హాలో, అవతల పైన్ రన్. మధ్య నాలుగు మైళ్ళు, ఒక ఇరుకు వంతెన. తొంభై ఏళ్ళుగా ఈ రెండు కంపెనీలకీ ఉప్పూ నిప్పూ. వీళ్ళ బండి ఎరుపైతే వాళ్ళది తెలుపు. కంపెనీ ఖర్చుల కోసం వీళ్ళు కోడిమాంసం కాల్చి అమ్మిన ఆదివారమే వాళ్ళు బీన్స్ సూప్ అమ్మేవాళ్ళు. మంట దగ్గర ముందు నీళ్ళు కొట్టింది మేమంటే మేమని నాలుగు తరాలు వాదించుకున్నారు. ఇప్పుడు వాదించుకోవడానికి మనుషులే లేరు. వయసులో ఉన్నవాళ్ళంతా దూరాన గోదాముల్లో పనులకి పోతున్నారు. పగటిపూట బండి నడపగలిగినవాళ్ళు స్టోనీ హాలోలో ఇద్దరు, నెవిన్, స్కూలు బస్సు నడిపే కోలీన్. పైన్ రన్‌లో ఒక్కరూ లేరు. రెండు ఊళ్ళ బండ్లూ తుప్పు పట్టి ఉన్నాయి. ఇద్దరం కలిసి ఒకటే కొని నెలకో ఊళ్ళో పెట్టుకుందామని నెవిన్ అన్నాడు. ఆలోచన చెప్పినవాడి నెత్తినే పని పెట్టడం లోకం తీరు కదా, బండి కమిటీకి అతన్నే పెద్దని చేశారు.

ఆ పది మీటింగుల భాగవతం చెప్పాలంటే చాలా ఉంది. రంగు గురించి మూడు. చివరికి కింద ఎరుపు, పైన తెలుపు. పేర్ల గురించి రెండు. డ్రైవరు తలుపు మీద ఎవరి పేరుండాలని తగువు వచ్చి, నాణెం ఎగరేస్తే అది సూప్ గిన్నెలో పడింది. వంతెన సంగతి ఒక్కటే పావుగంటలో తేలిపోయింది, వంతెన ఎవరి పక్షమూ కాదు గనక. వెయ్యి గ్యాలన్ల ట్యాంకుతో బరువైన బండి దాని మీద పోదు. కాబట్టి ఏడువందల యాభై చాలన్నారు. మిగతా నీళ్ళు ఏ చెరువులోంచో లాక్కోవచ్చు, ఆ లోయలో చెరువులకేం కొదవ.

చెరువులోంచి నీళ్ళు లాగే గట్టి గొట్టాలు పైన్ రన్‌ వాళ్ళవి. నిచ్చెనలు, గొడ్డళ్ళు స్టోనీ హాలోవి. ఎవరి పాత సామాను వాళ్ళు కొత్త బండికి తెచ్చుకోవాలని ఒప్పందం. కాబట్టి ఎడమవైపు అరలు వీళ్ళకి, కుడివైపు అరలు వాళ్ళకి. అక్కడికి బాగానే ఉంది.

"మా వైపు తాళం ఉండాలి," అన్నాడు లామార్ డీట్జ్. అతను పైన్ రన్ చీఫ్. నెవిన్ ఈడువాడే, ముప్పై మైళ్ళ అవతల దాణా మిల్లులో పనిచేస్తాడు.

"ఫైరింజన్‌కి తాళమేంటయ్యా? ఏమన్నా మిఠాయి కొట్టా?" అంది కోలీన్.

"మా రంపం పట్టుకుపోయి పంతొమ్మిదేళ్ళయింది. ఇంకా తిరిగి రాలేదు."

"ఆ రంపం మేం ఇచ్చేశాం."

"ఇచ్చింది రంపం పిడి. రంపం కాదు."

మళ్ళీ రంపం ఎత్తారు. పైన్ రన్ వాళ్ళు నలుగురూ తలలూపారు. స్టోనీ హాలో వాళ్ళు ముగ్గురూ చేతులు కట్టుకున్నారు. నెవిన్ గోడ మీద క్యాలెండర్ చూశాడు. సోమవారం నుంచి జింకల వేట. అది మొదలైందంటే రెండు ఊళ్ళలో ఏ మగాడూ, సగంమంది ఆడవాళ్ళూ మీటింగు మొహం చూడరు. క్రిస్మస్ దాటితే గాని మళ్ళీ పదిమంది పోగవరు. బండి తయారుచేసే వాళ్ళకి కాగితాలు శుక్రవారం లోపు పంపాలి.

"సరే," అన్నాడు నెవిన్. "రెండు వైపులా తాళాలు పెడదాం. ఎవరికీ చిన్నతనం ఉండదు."

లామార్ ముఖం విప్పారింది. "గొళ్ళేలు గట్టివి వేయించు నెవిన్. రేకువి కాదు."

"ఉక్కువే వేయిస్తాను."

బయటికి వచ్చాక, కారు తలుపు దగ్గర కోలీన్ అతన్ని ఆపింది. "చీఫ్, పగలు లామార్ మిల్లులో ఉంటాడు. ఒక తాళం చెవి అతని దగ్గరుంటుంది, రెండోది వాళ్ళ కంపెనీ రాల్ఫ్ దగ్గర. రాల్ఫ్‌కి మోకాళ్ళే లేవు, సగం రోజులు ఆస్పత్రిలో. మనం వెళ్ళేది పగలే. అప్పుడెలా?"

నెవిన్‌కి ఆ సంగతి తట్టకపోలేదు. సూప్ తాగుతున్నప్పుడే తట్టింది. చెవి బండిలోనే వేలాడదీయమని లామార్‌ని అడగాలి. అడిగితే మళ్ళీ రంపం లేస్తుంది. అంటే పన్నెండో మీటింగు. ఆ ఆలోచనకే అతని నడుం ఇంకొంచెం వంగింది.

"తర్వాత చూద్దాంలే," అన్నాడు.

బండి రావడానికి ఏడాది పట్టింది. వచ్చిన రోజున మాత్రం అందరూ ముసలితనం మరిచిపోయారు. కొత్త బండిని ఇంజను మీద లోపలికి తీసుకెళ్ళరు. నీళ్ళతో కడిగి, ఊరంతా కలిసి చేతులతో తోసి స్టేషన్‌లో పెడతారు, కొత్త కోడలిని ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. ఈ కోడలికి రెండు అత్తవారిళ్ళు. కాబట్టి స్టోనీ హాలోలో ఒకసారి, పైన్ రన్‌లో ఒకసారి తోశారు. పైన్ రన్‌లో తోస్తున్నప్పుడు లామార్ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకోవడం నెవిన్ చూశాడు. బండి ఆగగానే అదే చేత్తో జేబులోంచి ఇత్తడి తాళం కప్ప తీసి కుడివైపు అరకి వేయడం కూడా చూశాడు. నెవిన్ తన వైపు కప్పకి చెవి స్టీరింగ్ పక్కనే కట్టేశాడు. అది చూసి లామార్‌కి తనంతట తనకే తోస్తుందని ఆశపడ్డాడు. తోచలేదు.

"మొదటి నెల మాకు, రెండో నెల మీకు" అన్నట్టుగా అయిదు నెలలు గడిచాయి. ఒక గడ్డివాము, రెండు కార్లు, చిమ్నీలో మసి మంట ఒకటి. కుడివైపు అర తెరవాల్సిన పని రాలేదు. "లామార్‌తో మాట్లాడావా?" అని కోలీన్ రెండుసార్లు అడిగి మానేసింది. పేజర్ ఎవరికి అప్పగించాలో నెవిన్ వెతుకుతున్నాడు. కోలీన్ అయితే మీటింగుల్లో కూర్చోనని ముందే చెప్పేసింది. ఆర్లీన్ అడగడం మానేసింది. అడగని భార్య ముందు కూర్చుని తినడం అడిగే భార్య ముందు కంటే కష్టమని నెవిన్‌కి అప్పుడు తెలిసింది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పేజర్ కూసింది. పైన్ రన్‌లో ఇల్లు, వంటగదిలో మంట. ఇల్లు ఫెర్న్ డీట్జ్‌ది, లామార్ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటోంది. ఆ నెల బండి స్టోనీ హాలోలో ఉంది. నెవిన్, కోలీన్ ఇద్దరే బయల్దేరారు. వంతెన దాటి తొమ్మిది నిమిషాల్లో చేరారు.

ఫెర్న్ పిల్లిని కోటులో చుట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. మంట ఇంకా వంటగదిలోనే ఉంది. నెవిన్ చూడగానే లెక్క కట్టాడు. ఇది ఆగుతుంది. వంటగది పోతుంది, ఇల్లు నిలుస్తుంది. నలభై తొమ్మిదేళ్ళుగా మంటలు చూసిన కళ్ళు అవి, ఊరికే అనుకోవు. కోలీన్ పంపు దగ్గర నిలబడింది, అతను గొట్టం పట్టుకుని వెనక తలుపు నుంచి కొట్టాడు. మంట వెనక్కి తగ్గింది. పొగ నల్లదనం పోయి తెల్లబడింది. సరిగ్గా అప్పుడు గొట్టం చేతిలో మెత్తబడింది.

"ట్యాంకు అయిపోయింది చీఫ్," అని అరిచింది కోలీన్.

చెరువు నలభై అడుగుల దూరంలో ఉంది. నిండుగా, బాతులతో సహా. నీళ్ళు లాగే గొట్టాలు కుడివైపు అరలో ఉన్నాయి. దానికి లామార్ తాళం ఉంది.

"తాళాలు కోసే కట్టర్ తీసుకురా."

"కట్టర్ కూడా అందులోనే ఉంది."

ఇద్దరూ ఒక క్షణం ఆ తాళం కప్ప వైపు చూశారు. తర్వాత నెవిన్ గొడ్డలి తీశాడు. కప్ప ఇత్తడిదే గాని కప్ప పట్టుకున్న గొళ్ళెం ఉక్కుది. తనే రాసి పంపిన ఉక్కు. మూడో దెబ్బకి వంగింది, పదో దెబ్బకీ ఊడలేదు. చేతులు మార్చుకుంటూ ఇద్దరూ కొట్టారు. సాయానికి పిలిచిన మరో ఊరి నీళ్ళ బండి ఇంకా దారిలోనే ఉంది. పైన్ రన్ వాళ్ళు ఇద్దరు తమ పికప్‌లలో వచ్చారు గాని వాళ్ళ దగ్గరా చెవి లేదు. గొళ్ళెం ఊడేసరికి ఎనిమిది నిమిషాలు. గొట్టాలు చెరువులో వేసి నీళ్ళు లాగేసరికి ఇంకో నాలుగు. ఈలోగా మంట గోడలోంచి మేడమెట్ల మీదికి పాకి, పైకప్పు పట్టుకుంది. ఇక ఎన్ని నీళ్ళు కొట్టినా పక్కనున్న కొట్టాన్ని కాపాడటానికే.

లామార్ వచ్చేసరికి పైకప్పు కూలింది. అతను ఇంటి వైపు చూడలేదు, చెల్లెలి వైపూ చూడలేదు. చెవి చేత్తో పట్టుకుని తిన్నగా బండి కుడివైపుకి పరుగెత్తాడు. తెరిచి ఉన్న అర ముందు, నేల మీద పడి ఉన్న కప్ప ముందు ఆగి, చెవి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయాడు. అతన్ని తిట్టాలని నెవిన్‌కి నాలుకదాకా వచ్చింది. అతని కుంగిపోయిన భుజాలు చూశాక నోరు రాలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం రెండు కంపెనీలూ పైన్ రన్ హాల్లో కూర్చున్నాయి. ఫెర్న్ కూడా వచ్చింది, ఎవరిదో కోటు వేసుకుని చివరి వరసలో కూర్చుంది.

"వాళ్ళ తాళం వల్లే కాలింది. మన బండి మనం కొనుక్కుందాం, ఎంత పాతదైనా సరే," అన్నాడు స్టోనీ హాలో వాడొకడు.

"బండిని గొడ్డలితో నరికింది మీరు," అన్నాడు పైన్ రన్ వాడు.

"నరక్కపోతే కొట్టం కూడా పోయేది."

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టే అయ్యేలా ఉంది. నెవిన్ ఊరుకుంటే చాలు. బండి ఎవరో ఒకరికి పోతుంది, కమిటీ పోతుంది, అతను ఇంటికి పోవచ్చు. ఊరుకోవడం అంత తేలికగా ఎప్పుడూ కనిపించలేదు అతనికి.

లేచి నిలబడ్డాడు. "తాళం అడిగింది లామార్. నిజమే. కానీ పగలు చెవి ఊళ్ళో ఉండదని నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. కోలీన్ చెప్పింది కూడా. ఇంకో మీటింగు కూర్చునే ఓపిక లేక నోరు మూసుకున్నాను. లామార్‌ది అనుమానం, నాది బద్ధకం. ఫెర్న్ ఇల్లు పోయింది నా బద్ధకానికి."

ఇలాంటప్పుడు తిలాపాపం తలా పిడికెడు పంచుకుని అందరూ తేలికపడటం అలవాటు. నెవిన్ తన పిడికిలి ముందే నింపేసుకునేసరికి మిగతావాళ్ళకి ఏం చేయాలో తోచలేదు.

"తాళాలు తీసేయాలి. నెలల వంతులు కూడా తీసేయాలి. పగలు నడిపేవాళ్ళు ఎక్కడుంటే బండి అక్కడుండాలి," అన్నాడు. చేతులెత్తమన్నాడు. ముందు కోలీన్ ఎత్తింది. ఒక్కొక్కటిగా మిగతా చేతులు లేచాయి. లామార్ కూడా ఎత్తాడు, అదే చెయ్యి దించి నడుముకున్న పేజర్ విప్పి బల్ల మీద పెట్టాడు.

"నా వల్ల కాదు నెవిన్," అన్నాడు. "అది కూసినప్పుడల్లా నాకు ఆ గొళ్ళెమే కనిపిస్తుంది. మా వాళ్ళని కూడా నువ్వే చూసుకో."

నెవిన్ ఆ పేజర్ వైపు చూశాడు. ఏళ్ళుగా తను కలగన్నది ఈ ఒక్క చప్పుడే, బల్ల మీద ప్లాస్టిక్ తగిలిన చప్పుడు. అది వేరే మనిషి చేతిలోంచి వచ్చింది. అతనికి లామార్ మీద జాలి వేసింది. జాలికి ముందు అసూయ వేసింది, అబద్ధమెందుకు. ఇద్దరు చీఫ్‌లూ ఒకే రోజు దిగిపోతే ఇక్కడ ఎత్తిన చేతులు గుమ్మం దాటకముందే దిగిపోతాయి.

వెనక నుంచి ఫెర్న్ అడిగింది. ఆ వారమంతా ఆమె అడిగింది అదొక్కటే.

"నువ్వు కూడా తీసేస్తావా నెవిన్?"

అతని చెయ్యి అప్పటికే నడుం మీద ఉంది.

"లేదు ఫెర్న్," అన్నాడు. "నేను తీయను."

మీటింగు అయ్యాక కుర్చీలు మడిచి, కొండదారిన ఇంటికి కారు చాలా నెమ్మదిగా నడిపాడు, ఆర్లీన్‌కి ఎలా చెప్పాలో తెలియక.